ఏడు తీసి ఆరు పెట్టారు

మా కాలేజీ చైర్మన్ గారికి ఒక సంఖ్య కావలసి వచ్చింది. పటమట దాటాక కట్టించిన కొత్త బ్లాకు ముందు, గేటులోకి అడుగు పెట్టగానే కనిపించేలా, మనిషి ఎత్తు స్టీలు అంకెలతో నిలబెట్టడానికి. ఏదో విదేశీ విశ్వవిద్యాలయం వీడియో చూశారట, అక్కడ గోడ మీద పొడుగాటి సంఖ్య ఉందట. ఆయనకు గణితమంటే గౌరవం. చదువుకోకపోవడం వల్ల మిగిలిన గౌరవం అది. చదువుకున్నవాళ్ళలో ఆ మాత్రం కూడా నాకు కనపడలేదు.

నేను ఆ కాలేజీలో ఇంటర్ అమ్మాయిలకు చాలా ఏళ్ళు లెక్కలు చెప్పాను. లెక్కలు చెప్పడం అని నేను అనుకునేదాన్ని. అక్కడివాళ్ళు దాన్ని ‘కోచింగ్’ అనేవారు. ప్రశ్న సగం చదివేసరికి జవాబు మీద వేలు పడాలి, ఎందుకు పడిందో తెలియనక్కర్లేదు. ఎందుకని అడిగిన పిల్లకి టైమ్ వేస్ట్ చేయకమ్మా అని చెప్పడం మాకు ట్రైనింగులో నేర్పారు. నేను ఆ ట్రైనింగులో నిద్రపోయాను.

చైర్మన్ గారు నన్ను పిలిపించి కుర్చీ చూపించారు. కంకిపాడు దగ్గర పొలాలున్న కుటుంబం వాళ్ళది. మాట మెత్తన, మర్యాదకు లోటుండదు.

“మేడమ్ గారూ, పిల్లలూ మనమూ ఒకటేనని చెప్పాలండీ. ఎవడూ విడగొట్టలేని నంబర్ ఏదన్నా ఉంటదా అండీ?”

“ఉంటుందండి. ప్రధాన సంఖ్య అంటాం. ఒకటితోనూ, దానితోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగించలేం.”

“అదీ! అది కావాలి నాకు. కాకపోతే పెద్దది చూడండి. అయిదూ ఏడూ పెడితే ఏం బావుంటదండీ.”

ఆయన అడిగిన దానికి నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ కాలేజీలో ఒక సంఖ్య గురించి, అది ఎవరి ర్యాంకో అని కాకుండా దాని గుణం గురించి, ఒక మనిషి నన్ను అడగడం అదే మొదటిసారి. ఆ రోజంతా ఆ సంతోషంలోనే ఉన్నాను.

నేను ఎంచుకున్నది 2147483647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. రెండును ముప్ఫై ఒక్కసారి వేసి గుణించుకుంటూ పోయి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇది మిగులుతుంది. చూడటానికి అడ్డదిడ్డంగా దొర్లిన అంకెల్లా ఉంటుంది కానీ, దాని వెనక అంత శుభ్రమైన పుట్టుక ఉంది. ఇది ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే నలభై ఆరు వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. యంత్రాలు లేని కాలంలో ఒక మహానుభావుడు అలా గుడ్డిగా భాగించకుండా, దీనికి కారణాంకమంటూ ఉంటే అది ఎలాంటి సంఖ్య అయి ఉండాలో ముందే ఆలోచించాడు. అరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే సంఖ్యలు తప్ప ఇంకేవీ పనికిరావని తేల్చుకుని, ఆ కొన్నిటితోనే చేత్తో లెక్క చేసి ముగించాడు. మామూలు కంప్యూటర్ భాషల్లో పూర్ణాంకానికి ఇచ్చే చోటులో పట్టే అతి పెద్ద సంఖ్య కూడా చాలాచోట్ల ఇదే. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. చైర్మన్ గారు ఆసాంతం చదివారు.

“పది అంకెలున్నాయి. ఫోన్ నంబర్ అనుకుంటారేమోనండీ?”

“రెండుతో మొదలయ్యే సెల్ నంబర్ మనకు ఉండదు కదండీ.”

“ఆ, అదీ నిజమే,” అని తృప్తిగా తలూపారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి నేను కూడా ఆ కాలేజీ గురించి నాలుగు మంచి మాటలు చెబుతూ ఉండేదాన్ని.

తర్వాతి వారం మీటింగు అన్నారు. వెళ్ళేసరికి చైర్మన్ గారి పక్కన న్యూమరాలజిస్టు కూర్చుని ఉన్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర అద్దాల ఆఫీసు ఆయనది. నుదుట పెద్ద బొట్టు, చేతికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే వాచీ. మా కాలేజీ ఇంగ్లిషు పేరులో ఒక అక్షరం అదనంగా చేర్పించింది ఆయనే. అప్పటినుంచీ మా బస్సుల మీద పేరు ఉన్నదున్నట్టు చదివితే నత్తి ఉన్నవాళ్ళు పలికినట్టు ఉంటుంది.

ఎదురుగా మా డిపార్ట్‌మెంట్ హెడ్. ఆయన గురించి కొంచెం చెప్పాలి. మేమిద్దరం ఎమ్మెస్సీలో ఒకే క్లాసు. ఆయనది కూచిపూడి పక్క పల్లె, మాది ఆ దారిలోనే. సెలవులకి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. రెండును ఒక ప్రధాన సంఖ్య సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుందని నేను ఒకసారి గొప్పగా చెప్పాను. మూడుకి ఏడు, అయిదుకి ముప్ఫై ఒకటి, ఏడుకి నూట ఇరవై ఏడు. ఆయన బస్సు కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో రాశాడు. పదకొండుకి 2047. దాని కింద, ఇరవై మూడు ఇంటూ ఎనభై తొమ్మిది. నా సిద్ధాంతం కుప్పకూలింది. ఆయన ముఖం మాత్రం పండగలా వెలిగిపోయింది. ఓడిపోయినందుకు నాకు చిన్నతనమేమీ అనిపించలేదు. లెక్క అంటే ఇది కదా అనుకున్నాను. గోల్డ్ మెడల్ ఆయనకే వచ్చింది, రావలసిన మనిషికే వచ్చింది.

న్యూమరాలజిస్టు నా సంఖ్య తీసుకుని అంకెలు కూడటం మొదలుపెట్టాడు. పది అంకెలు కూడటానికి ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచాడు.

“నలభై ఆరు. నాలుగూ ఆరూ పది. ఒకటి. సూర్యుడు. తప్పేం లేదు సార్, కానీ మీ జన్మ సంఖ్య తొమ్మిది. కుజుడు. భూమి, కట్టడం, అన్నీ ఆయన చేతిలోవే. గేటు దగ్గర తొమ్మిదే ఉండాలి.”

“మార్చొచ్చాండీ?” అన్నారు చైర్మన్ గారు.

“ఒక్క అంకె. చివర ఏడు తీసి ఆరు పెట్టండి. మొత్తం నలభై అయిదు అవుద్ది. నాలుగూ అయిదూ తొమ్మిది. బ్రహ్మాండం.”

మొదట నవ్వేశాను. ఎవరూ నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఇది హాస్యం కాదని.

“అయ్యా,” అన్నాను, “చివర ఆరు ఉంటే అది సరి సంఖ్య. రెండుతో పోతుంది. ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది?”

“ఒక్క అంకే కదా మేడమ్.”

“పోనీ ఇంకో అంకె మార్చండి, ఏదైనా మార్చండి. అంకెల మొత్తం తొమ్మిదికి తెచ్చారంటే ఆ సంఖ్య తొమ్మిదితో పోయి తీరుతుంది. మీరు అడిగే తొమ్మిదీ, సార్ అడిగే విడదీయలేని గుణమూ ఒకే సంఖ్యలో ఉండవు. ఎంత పెద్ద సంఖ్య అయినా సరే.”

నిజానికి ఆయన శాస్త్రం మొత్తం అంతే. పదిని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది, వందని భాగించినా ఒకటే, వెయ్యిని భాగించినా ఒకటే. కనక ఏ సంఖ్యలోని అంకెల్ని అయినా ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోతే వచ్చేది తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం. శేషం లేకపోతే తొమ్మిది. దానికి సూర్యుడనీ కుజుడనీ పేర్లు పెట్టి, ఏసీ గదిలో కూర్చోబెట్టి జనానికి చెబుతున్నాడు. ప్రాథమిక పాఠశాలలో నేర్పే భాగహారం. అదీ ఆయనకు రాదు. కూడటం ఒక్కటే వచ్చు, దానికీ ఫోన్ కావాలి.

న్యూమరాలజిస్టు నా వైపు జాలిగా చూశాడు. “మేడమ్ పేరు స్పెల్లింగ్‌లో ఒక ‘ఏ’ తక్కువుందండీ. అందుకే ఈ ఆవేశం.”

చైర్మన్ గారు ఇబ్బందిగా కదిలి, మా హెడ్ వైపు తిరిగారు. “ఏమండీ, మీరు గోల్డ్ మెడలిస్టు. మీరు చెప్పండి. ఏమన్నా ఇబ్బంది ఉంటదా?”

నేను నిశ్చింతగా కుర్చీలో వెనక్కి వాలాను. ఇంక ఆ మనిషి చూసుకుంటాడనుకున్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. “ఇంత పెద్ద సంఖ్యలో చివరి అంకె... పెద్దగా ఇబ్బంది ఉండదండి. ఆశయం ముఖ్యం.”

ఆశయం! సరి సంఖ్యకు ఆశయం.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మామిడి తోరణాలు, డ్రోన్ కెమెరా, శాలువాల గుట్ట. తెర లాగగానే ఎండలో స్టీలు అంకెలు కళ్ళు చెదిరేలా మెరిశాయి. 2147483646. కింద నల్లరాతి పలక మీద ‘విడదీయలేని సంఖ్య, విడదీయలేని బంధం’ అని చెక్కారు. యాంకరమ్మాయి దాన్ని కోట్లలో చదవబోయి, లక్షల దగ్గర తడబడి, చివరికి ఫోన్ నంబర్ చదివినట్టు ఒక్కో అంకే చదివి ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు మోగాయి. ముందు వరసల్లో లెక్కలూ ఫిజిక్సూ చెప్పేవాళ్ళమే పాతికమందికి పైగా ఉన్నాం. చివర ఆరు ఉన్న సంఖ్య రెండుతో పోతుందని తెలియనివాడు మాలో ఒక్కడు లేడు. అందరూ చప్పట్లు కొట్టారు. కెమిస్ట్రీ ఆయన ఈల కూడా వేశాడు. న్యూమరాలజిస్టుకి శాలువా కప్పింది మా హెడ్డే.

పిల్లలకి ఏమీ చెప్పకూడదని నేను అనుకోలేదు, చెప్పాలనీ అనుకోలేదు. ఒక ఉదయం ఫస్టియర్ క్లాసులో వర్గాల భేదం సూత్రం చెబుతుంటే, రెండో బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

“మేడమ్, గేటు దగ్గర నంబరు సరి సంఖ్య కదా మేడమ్? మరి విడదీయలేదని రాశారేంటి?”

క్లాసంతా ఒక్కసారి నా వైపు చూసింది. సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోబెట్టొచ్చు. అది నాకు చేతకాలేదు.

“విడదీసి చూద్దామా?” అన్నాను.

రెండు బయటికి తీస్తే 1073741823 మిగిలింది. ఇది రెండును ముప్ఫైసార్లు వేసి గుణించినదానికి ఒకటి తక్కువ అని చెప్పాను. ఇంకో అమ్మాయి, “అయితే అది వర్గాల భేదమే మేడమ్!” అని అరిచినంత పని చేసింది. బోర్డు మీద ఇందాకటి సూత్రమే పనికొచ్చింది. 32768 వర్గం మైనస్ ఒకటి. అంటే 32767 ఇంటూ 32769. అక్కడినుంచి పిల్లలే లాక్కుపోయారు. మొదటిది ఏడుతో పోయింది, తర్వాత ముప్ఫై ఒకటితో, నూట యాభై ఒకటి మిగిలింది. రెండోది మూడుతో, మళ్ళీ మూడుతో, పదకొండుతో పోయి మూడు వందల ముప్ఫై ఒకటి మిగిలింది. ప్రపంచంలో ఉన్న సంఖ్యలన్నీ వదిలేసి మా వాళ్ళు ఏరుకొచ్చింది ఇన్ని ముక్కలయ్యే సంఖ్యని! పక్కనే, ఒక్క అంకె అవతల, దేనికీ లొంగని సంఖ్య ఉంది. దాన్ని తీసేసి దీన్ని నిలబెట్టారు.

పిల్లలు నవ్వారు. ఎగతాళి కాదు అది, లెక్క తెగినప్పుడు వచ్చే నవ్వు. ఆ క్లాసులో అలాంటి నవ్వు నేను వినడం చాలా అరుదు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

బోర్డు ఫోటో ఎవరు తీశారో, ఎలా బయటికి వెళ్ళిందో తెలియదు. మర్నాటికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మధ్యాహ్నానికి నాకు పిలుపు వచ్చింది.

“ఏంటి మేడమ్ గారూ, పిల్లల చేత మన నంబర్ని ముక్కలు చేయించారంట?”

“నేను చేయించేదేముందండీ. అది ముక్కలుగానే ఉంది.”

చైర్మన్ గారికి కోపం రాలేదు. వచ్చి ఉంటే ఆయన మీద గౌరవం మిగిలేది. ఆయన బాధంతా ఫోటో గురించే, సంఖ్య గురించి కాదు. ఒక చిన్న వీడియో చేసి పెడితే సరిపోతుందన్నారు. నేనే కెమెరా ముందు నిలబడి చెప్పాలి, ఏం చెప్పాలో రాసి ఉంచారు. మా హెడ్ ఆ కాగితం నాకు అందించాడు.

‘సాధారణ గణితంలో ఈ సంఖ్యకు కారణాంకాలు ఉన్నట్లు కనిపించినప్పటికీ, ఉన్నత గణిత దృష్టిలో ఇది అవిభాజ్యమే.’

రెండుసార్లు చదివాను. న్యూమరాలజిస్టు రాసింది కాదు. ఆయనకి ‘కారణాంకం’ అనే మాట తెలియదు.

“ఇది ఎవరు రాశారండీ?” అని అడిగాను.

మా హెడ్ తన చేతిలో పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. “నేనేనండి.”

“ఉన్నత గణితంలో ఏ పుస్తకంలో ఉందండీ ఇది?”

చైర్మన్ గారు అందుకుని, “వీడియోలో అంత లోతుగా ఎవరూ అడగరులెండి,” అని ధైర్యం చెప్పారు. కాగితం బల్ల మీద పెట్టి, నేను ఇది చెప్పనండీ అని లేచి వచ్చేశాను.

ఆదివారం పొద్దున మా హెడ్ మా ఇంటికి వచ్చాడు. కాలేజీలో ఒకరినొకరు ‘అండీ’ అనుకున్నా, బయట మేము నువ్వనే అనుకుంటాం. కాఫీ ఇచ్చాను.

“నీకు ఇంత పట్టుదల ఎందుకు? అది ఒక బొమ్మ. గేటు దగ్గర పెట్టుకున్న బొమ్మ.”

“బొమ్మే అయితే ఏడు ఉంటే వాళ్ళకేం పోయింది?”

“వాళ్ళ నమ్మకం వాళ్ళది.”

“నీ నమ్మకం?”

గ్లాసు కింద పెట్టాడు. “నాకు తెలియదనుకుంటున్నావా? ఆయన ఏడు తీసి ఆరు పెట్టమన్న క్షణంలోనే అన్నీ కనబడ్డాయి నాకు. రెండు, మూడు, మూడు, ఏడు, పదకొండు, ముప్ఫై ఒకటి, నూట యాభై ఒకటి, మూడు వందల ముప్ఫై ఒకటి. కళ్ళద్దాలు తుడుచుకునేలోపు అయిపోయింది.”

చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. ఆ బస్సులో వెలిగినట్టే. అంతదాకా ఆయన మరిచిపోయాడని అనుకుంటూ వచ్చాను. ఏళ్ళ తరబడి ఆబ్జెక్టివ్ బిట్లు చెప్పి చెప్పి బుర్ర మొద్దుబారిందని, భయపడ్డాడని, ఏదో ఒకటి చెప్పి సరిపెట్టుకున్నాను. ఏమీ మొద్దుబారలేదు. అంత అందమైన లెక్క ఆ గదిలో ఆయన ఒక్కడికే కనబడింది. తనలో తను ఆనందించాడు. ఆనందించి, ఇబ్బంది లేదండి అన్నాడు.

“ఆ బొట్టాయనకి తెలియదు. చైర్మన్ గారికి తెలియదు. వాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చింది,” అన్నాను. “నీకు తెలుసు.”

“తెలిస్తే?”

“కాఫీ తాగు. చల్లారిపోతోంది.”

తాగలేదు. కాసేపు కూర్చుని, మా వీధిలో కొత్త అపార్ట్‌మెంటు ఎప్పుడు మొదలుపెట్టారని అడిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గ్లాసు తీసుకెళ్ళి కాఫీ సింకులో పారబోశాను. ఆ పూట ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఏడ్చింది ఉద్యోగం గురించి కాదు.

సోమవారం రాజీనామా ఇచ్చాను. ఎవరూ వద్దనలేదు. హెచ్‌ఆర్ అమ్మాయి కారణం రాయమంటే ‘సరి సంఖ్య’ అని రాశాను. ఆ అమ్మాయి అది చూసి, వ్యక్తిగత కారణాలు అని మార్చి రాసుకుంది.

సంఖ్య విషయం వాళ్ళు చాలా తెలివిగా తేల్చారు. అంకెలు ముట్టుకోలేదు. కింద రాతి పలక మార్చి ‘శుభ సంఖ్య’ అని చెక్కించారు. ఇప్పుడు అందులో అబద్ధమేమీ లేదు. శుభానికి కారణాంకాలు ఎవరు వెతుకుతారు? అడ్మిషన్లకి వచ్చిన తల్లిదండ్రులు దాని ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీసుకుంటారని విన్నాను. మా హెడ్ డీన్ అయ్యాడు. న్యూమరాలజిస్టు ఆయన ఇంగ్లిషు పేరులో కూడా ఒక అక్షరం కలిపాడట, తలుపు మీద బోర్డు మార్చారట. ఈ సంగతి చెప్పిన కెమిస్ట్రీ ఆయన ఫోన్‌లో పడీ పడీ నవ్వాడు. మీ ఈల కూడా బాగుందండీ అన్నాను. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు.

ఇప్పుడు నేను డెల్టాలో ఒక చిన్న ఊళ్ళో ఉన్న మహిళా డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. పొద్దున్నే బస్సు, కాలవ గట్టు వెంట ప్రయాణం. బీఎస్సీ లెక్కల్లో పట్టుమని పదిమంది లేరు. వాళ్ళకి సంఖ్యావాదం చెబుతున్నాను, నిదానంగా, ఎవరూ గడియారం చూపించకుండా. ఇక్కడివాళ్ళు వేరే రకం అనుకున్నాను, చేరిన కొత్తలో. మొన్న వాస్తు చూపించారు. స్టాఫ్ రూమ్ తలుపు ఉన్న చోట గోడ కట్టేశారు, ఈశాన్యం మూల కొత్త తలుపు పెట్టారు. అది నేరుగా సైకిల్ షెడ్డులోకి తెరుచుకుంటుంది. మేమంతా సైకిళ్ళ మధ్యనుంచి పక్కకి ఒదిగి లోపలికి వెళుతున్నాం. ఫిలాసఫీ లెక్చరర్ గారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఇప్పుడు గాలి బాగా వస్తోంది కదండీ అంటారు.

గాలి రావడం లేదంటాను నేను.